చారిత్రక ప్రజాభవనాల విస్తరణ

చారిత్రక ప్రజాభవనాల విస్తరణ అనగా ఒక ఊరికి గుర్తుగా నిలిచిన శాసనసభ, న్యాయస్థానం, ఆసుపత్రి, గ్రంథాలయం వంటి భవనానికి, దాని వాస్తురూపం చెడకుండా కొత్త భాగాన్ని చేర్చడం. ఇది మరమ్మత్తు కాదు, పునర్నిర్మాణమూ కాదు. మరమ్మత్తులో ఉన్నదానిని నిలబెడతారు. పునర్నిర్మాణంలో పోయినదానిని తిరిగి కడతారు. విస్తరణలో మాత్రం ఎన్నడూ లేనిదానిని, ఉన్నదాని పక్కన నిలబెట్టవలసి ఉంటుంది. కొత్త భాగం పాతదానిని అనుకరించాలా, లేక తన కాలపు కట్టడంగానే కనిపించాలా అనేది ఈ విషయంలో నేటికీ తెగని చర్చ. తెలుగునాట ఈ చర్చకు హైదరాబాదులోని శాసనసభ భవనం, హైకోర్టు భవనం, ఉస్మానియా ఆసుపత్రి భవనం ప్రధానమైన ఉదాహరణలు.

అవసరం

ప్రజాభవనాలు కట్టినవారు తమ కాలపు లెక్కల ప్రకారం కట్టారు. భవనం రాతితో స్థిరంగా ఉంటుంది కాని, దానిలో పనిచేసే సంస్థ పెరుగుతూనే ఉంటుంది. తెలంగాణ హైకోర్టులో న్యాయమూర్తుల పదవుల సంఖ్యను 2021లో 24 నుండి 42కు పెంచారు. ఒక్కొక్క న్యాయమూర్తికి ఒక విచారణ మందిరం, ఒక గది, సిబ్బందికి చోటు, దస్త్రాలకు చోటు, న్యాయవాదులకు, కక్షిదారులకు నిలబడే జాగా కావాలి. ఈ లెక్క వేసుకుంటే నూరేళ్ళ క్రితపు భవనం మీద పడే భారం అర్థమవుతుంది.

ఇటువంటి స్థితిలో ప్రభుత్వాల ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి. పాతదానిని కూల్చి పెద్దది కట్టడం, పాతదానిని వదిలి వేరొక చోటికి తరలిపోవడం, పాతదానిని ఉంచుకొని పక్కన పెంచడం. మొదటి దారిలో భవనం వెంటనే పోతుంది. రెండవ దారిలో భవనం మిగులుతుంది గాని, వాడకం లేని ఇల్లు ఎట్లా అవుతుందో అట్లా మెల్లగా పాడయ్యే ప్రమాదం ఉన్నది. మూడవది కష్టమైనది. ఈ వ్యాసంలోని విషయం ప్రధానంగా అదే అయినా, మిగిలిన రెండింటి ప్రస్తావన లేకుండా దానిని చెప్పడం సాధ్యం కాదు.

తెలుగునాట పూర్వాచారం

ఉన్న కట్టడానికి కొత్త భాగం చేర్చడం మనకు పాశ్చాత్యుల నుండి వచ్చిన ఆలోచన కాదు. దేవాలయాలు పెరిగిన తీరే అది. గర్భాలయం ఒక కాలంలో, ముఖమండపం మరొక కాలంలో, ప్రాకారం, గోపురం ఇంకొక రాజవంశపు కాలంలో కట్టిన ఆలయాలు అనేకం. శ్రీకాళహస్తి ఆలయపు రాజగోపురాన్ని 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించాడు. అప్పటికే ఆ ఆలయం ఎంతో పురాతనమైనది. ఈ పెంపులో ఒక నియమం కనిపిస్తుంది: కొత్తది ఎంత పెద్దదైనా బయటి వైపుకే పెరుగుతుంది, మధ్యనున్న మూలస్థానాన్ని కదిలించరు. ఆ రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాని స్థానంలో కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం చేసారు. కూలినది అయిదు వందల ఏళ్ళ నాటిది, నేడు నిలిచి ఉన్నది 21వ శతాబ్దానిది. దూరం నుండి చూసే యాత్రికునికి ఈ తేడా తెలియకపోవచ్చు.

యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఆలయ విస్తరణ ఇటీవలి ఉదాహరణ. 2016లో మొదలైన ఈ పనిలో స్వామి వెలసిన గుహను అట్లే ఉంచి, చుట్టూ మండపాలు, ప్రాకారాలు, గోపురాలు నల్లరాతితో కట్టారు. 2022 మార్చి 28న మూలవిరాట్టు దర్శనాలు తిరిగి మొదలైనవి. ఇక్కడ కాపాడినది గర్భాలయాన్ని. చుట్టూ ఉన్న ఆలయరూపం దాదాపు పూర్తిగా కొత్తది. సిద్దిపేట జిల్లా వర్గల్‌లోని శంభునిగుట్టపై స్థితి వేరు. అక్కడ శిథిలమైన వైష్ణవాలయాలు, 20వ శతాబ్దం చివరలో కట్టిన విద్యాసరస్వతి ఆలయం ఒకే గుట్టపై వేర్వేరు కట్టడాలుగా ఉన్నవి. ఒకటి మరొకదానిలో కలిసిపోలేదు.

దేవాలయానికి, ప్రజాభవనానికి ఒక భేదం ఉన్నది. దేవాలయంలో పవిత్రమైనది మూర్తి, దాని స్థానం. కనుక చుట్టూ ఉన్నది మారినా భక్తునికి ఆలయం మారదు. శాసనసభకో, ఆసుపత్రికో అటువంటి మూలస్థానం ఉండదు. గుమ్మటాలు, కమానులు, మెట్లు, ఎదురుగా ఉన్న ఖాళీ జాగా అన్నీ కలిసిన మొత్తమే ఆ భవనం.

విస్తరణ పద్ధతులు

మొదటి పద్ధతి పైకి పెంచడం. ఢిల్లీలో 1927లో ప్రారంభమైన పార్లమెంటు భవనానికి 1956లో రెండు అంతస్తులు చేర్చారు. జాగా కలిసివచ్చే పద్ధతి ఇదే అయినా, భవనం ఆకాశరేఖ మారేది కూడా దీనితోనే. పాత గోడలు, పునాదులు అదనపు బరువును మోయగలవా అన్నది వేరే ప్రశ్న. గుమ్మటాలున్న భవనాలకు ఈ పద్ధతి పనికిరాదు. హైదరాబాదు భవనాలలో చాలా వాటిని ఈ కారణమే పైఅంతస్తుల నుండి కాపాడిందని చెప్పవచ్చు.

రెండవది పక్కన అదే పోలికతో కట్టడం. బెంగుళూరులో 1956లో పూర్తయిన విధాన సౌధకు దక్షిణాన, 2005లో ప్రారంభమైన వికాస సౌధ ఇటువంటిది. రాతి పని, గుమ్మటాలు, స్తంభాల వరుస అన్నీ పెద్దదాని పోలికే.

మూడవది తక్కువ ఎత్తులో, తల వంచుకొని ఉండే కట్టడం. ఢిల్లీలోని పార్లమెంటు గ్రంథాలయ భవనాన్ని రాజ్ రేవాల్ ఈ విధంగా రూపొందించాడు. 2002లో ప్రారంభమైన ఈ భవనం చాలా పెద్దది. అయినా దాని ఎత్తు పార్లమెంటు భవనపు పీఠభాగాన్ని మించదు. మధ్యలో ప్రాంగణాలు విడిచి, అంతస్తులు కొన్ని నేల లోపలికి దించి కట్టినందువలన ఇది సాధ్యమైనది. రోడ్డు మీద వెళ్ళేవారికి పాత భవనమే కనిపిస్తుంది.

నాల్గవది నేల క్రిందికి పోవడం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 1989లో ప్రారంభమైన గాజు పిరమిడ్ అందరికీ తెలిసినదే. కాని ఆ విస్తరణలో అసలు జాగా అంతా ప్రాంగణం క్రింద ఉన్నది. పిరమిడ్ దానికి ద్వారం మాత్రమే. దానిని రూపొందించిన ఐ.ఎం.పెయ్ రాతి భవనం పక్కన రాతిని వాడక గాజును ఎంచుకున్నాడు. మొదట తీవ్రమైన నిరసన వచ్చింది, తరువాత అదే పారిస్ నగరానికి ఒక గుర్తు అయినది.

ఉన్న ఖాళీని కప్పి గదిగా మార్చుకోవడం మరొక పద్ధతి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం మధ్య ప్రాంగణాన్ని గాజు కప్పుతో మూసి 2000లో తెరిచారు. ఈ పనిలో దక్షిణపు ద్వారమండపాన్ని తిరిగి కట్టేటప్పుడు, మ్యూజియంలోని మిగిలిన భాగానికి వాడిన ఇంగ్లాండు పోర్ట్‌లాండ్ రాయికి బదులు ఫ్రాన్సు నుండి వచ్చిన సున్నపురాయి వాడారు. రంగు కలవలేదు. అప్పట్లో ఇది పెద్ద వివాదమైనది. ఆకారం సరిగ్గా కుదిరినా, రాయి ఒక్కటి మారితే కన్ను పట్టేస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

హైదరాబాదు శాసనసభ భవనం

పబ్లిక్ గార్డెన్స్ పక్కన ఉన్న తెల్లని పాత శాసనసభ భవనం మొదట శాసనసభ కోసం కట్టినది కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యవ జన్మదిన సందర్భంగా నగర పౌరులు చందాలు పోగుచేసి టౌన్‌హాలుగా కట్టించారు. 1905లో మొదలైన నిర్మాణం 1913లో పూర్తయినది. అప్పటికి మహబూబ్ అలీ ఖాన్ జీవించి లేడు. ఆయన 1911లో మరణించాడు. రాజధనంతో గాక పౌరుల చందాలతో కట్టిన భవనంలోకి తరువాతి కాలంలో పౌరుల ప్రతినిధులు వచ్చి కూర్చోవడం యాదృచ్ఛికమే గాని, చెప్పుకోదగిన విషయం. గుమ్మటాలు, చిన్న ఛత్రీలు, కమానులు, గచ్చుతో చేసిన అలంకారాలు ఈ భవనపు లక్షణాలు. ఇరానీ, రాజస్థానీ పద్ధతులు దీనిలో కలిసినవి.

1952 ఎన్నికల తరువాత హైదరాబాదు రాష్ట్ర శాసనసభ, 1956 తరువాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇక్కడ సమావేశమైనవి. సభలు, సంగీత కచేరీలు జరుపుకొనే టౌన్‌హాలుకు కావలసినది ఒక పెద్ద గది. శాసనసభకు అది చాలదు. సభామందిరంతో పాటు సభాపతి గది, మంత్రుల గదులు, కమిటీ గదులు, గ్రంథాలయం, పత్రికలవారికి, సందర్శకులకు వేరువేరు గ్యాలరీలు కావాలి. 1978 నుండి 294 మంది ఎన్నికైన సభ్యులు గల సభకు పాత మందిరం ఇరుకైనది.

అప్పుడు పాత భవనాన్ని తాకకుండా, అదే ఆవరణలో కొత్త భవనం కట్టాలని నిర్ణయించారు. కొత్త సభామందిరం 1985లో వాడుకలోకి వచ్చింది. ఇది పైన చెప్పిన రెండవ పద్ధతిలోనిది. గుమ్మటాలు, కమానులు, తెల్లని రంగు పాత భవనాన్ని అనుసరించినవే. సిమెంటు కాంక్రీటుతో చేసిన కట్టడం సున్నంతో చేసిన కట్టడపు రూపాన్ని ధరించింది.

ఈ నిర్ణయంలోని మంచిని ముందుగా చెప్పాలి. 1980వ దశకంలో నగరంలో ప్రభుత్వం కట్టిన కార్యాలయాలు ఎక్కువగా పెట్టెల వంటి కాంక్రీటు భవనాలు. పాత టౌన్‌హాలు పక్కన అటువంటిది ఒకటి నిలబడి ఉంటే నేడు ఆ ఆవరణ ఎట్లా ఉండేదో ఊహించుకోవచ్చు. కొత్త భవనం పాతదాని గౌరవాన్ని కాపాడింది. రెండింటి మధ్య ఖాళీ జాగా ఉన్నందువలన టౌన్‌హాలును ఇప్పటికీ అన్ని వైపుల నుండి చూడవచ్చు. అన్నిటికంటె ముఖ్యంగా, పాత గోడను ఎక్కడా పగులగొట్టలేదు. రేపు కొత్త భవనం తీసివేసినా, పాతది 1913లో ఉన్నట్లే ఉంటుంది. పరిరక్షణ నిపుణులు దేనికైనా వేసే మొదటి ప్రశ్న ఇదే: చేసిన పనిని వెనక్కు తీసుకొనవచ్చునా?

లోపం కూడా ఉన్నది. కొత్తది పాతదానిని అంతగా పోలినందువలన, తెలియనివారు రెండూ ఒకే కాలపు కట్టడాలని పొరబడవచ్చు. భవనాన్ని చరిత్రకు సాక్ష్యంగా చూసేవారికి ఇది చిన్న విషయం కాదు. నకలు పక్కన పెడితే అసలు విలువ తగ్గుతుందని వారి వాదన. పాఠశాల పిల్లలను చూపించడానికి తీసుకొనివెళ్ళిన ఉపాధ్యాయుడు మాత్రం రెండూ కలిసి ఒకే కుటుంబంలా ఉన్నవని సంతోషించవచ్చు. ఎవరి వాదన సరియైనదో తేల్చడం కంటె, ఒక చిన్న ఫలకం మీద రెండు భవనాల సంవత్సరాలు స్పష్టంగా వ్రాసి ఉంచడం వలన ఈ లోపం చాలావరకు తీరుతుంది.

విస్తరణ తరువాత పాత భవనం సంగతి ఏమిటనేది అసలు పరీక్ష. 2014లో రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాల శాసనసభలు ఈ ఆవరణనే పంచుకున్నవి. 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెలగపూడికి తరలిపోయింది. తెలంగాణ శాసనమండలి సమావేశాలు పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబిలీ హాలులో జరిగేవి. 2019లో తెలంగాణ ప్రభుత్వం కొత్త శాసనసభ సముదాయాన్ని ఎర్రమంజిల్‌లో కట్టాలని నిర్ణయించి, ఆ ఏడాది జూన్ 27న శంకుస్థాపన చేసింది. అక్కడ 19వ శతాబ్దంలో నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ భవనాన్ని అందుకోసం కూల్చవలసి ఉన్నది. అనగా ఒక చారిత్రక భవనం చాలనందున మరొక చారిత్రక భవనాన్ని తొలగించడం. దీనిపై దాఖలైన వ్యాజ్యాలను విచారించిన హైకోర్టు, 2019 సెప్టెంబరు 16న ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది.

2023 డిసెంబరులో ఏర్పడిన ప్రభుత్వం వేరే దారి ఎంచుకున్నది. పాత టౌన్‌హాలును పునరుద్ధరించి శాసనమండలికి ఇవ్వాలని నిర్ణయించి, కుతుబ్ షాహీ సమాధుల పరిరక్షణ చేసిన ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టుకు ఆ పని అప్పగించింది. మండలి సభ్యులు 40 మందే. 294 మందికి ఇరుకైన మందిరం 40 మందికి విశాలమైనది. ఒకప్పుడు విస్తరణకు కారణమైన కొలతే ఇప్పుడు పాత భవనాన్ని తిరిగి వాడుకలోకి తేవడానికి అనుకూలమైనది.

హైకోర్టు భవనం

1908 మూసీ వరదల తరువాత నగరాన్ని తీర్చిదిద్దిన కాలంలో నదికి దక్షిణపు గట్టున హైకోర్టు భవనాన్ని, ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రిని ఎదురెదురుగా కట్టారు. హైకోర్టు నిర్మాణం 1915 ఏప్రిల్ 15న మొదలై 1919 మార్చి 31న ముగిసింది. 1920 ఏప్రిల్ 20న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించాడు. జైపూరుకు చెందిన శంకర్‌లాల్ నమూనాను ఇంజనీరు మెహర్ అలీ ఫజల్ అమలుచేసాడు. విన్సెంట్ ఎష్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి పేరు కూడా ఈ భవనంతో ముడిపడి ఉన్నది. గులాబీ రంగు గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి కలిసిన గోడలు దీని ప్రత్యేకత. నిజాముకు బహూకరించిన ఈ భవనపు వెండి నమూనా పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉన్నది. విస్తరణలు ఏవీ లేకముందు భవనం ఎట్లా ఉండేదో తెలుసుకొనదలచిన విద్యార్థులు దానిని చూడవచ్చు.

1956లో రాష్ట్రం పెద్దదైన తరువాత అవసరం కొద్దీ ఆవరణలో అదనపు విభాగాలు చేరుతూ వచ్చినవి. శాసనసభ వలె ఒకే సంకల్పంతో, ఒకే సారి జరిగిన విస్తరణ కాదు ఇది. ప్రభుత్వ భవనాలలో ఎక్కువగా జరిగేది ఇటువంటిదే. ఒక ఏడాది గదులు కొన్ని, కొన్నేళ్ళకు మరొక అంతస్తు, ఆపైన వాహనాలు నిలిపే రేకుల కప్పు. ఏ ఒక్కటీ పెద్ద తప్పుగా కనిపించదు. అన్నీ కలిసేసరికి భవనం చుట్టూ గాలి ఆడదు.

2009 ఆగస్టు 31న జరిగిన అగ్నిప్రమాదంలో పాత భవనంలోని గ్రంథాలయం, కొన్ని గదులు కాలిపోయినవి. ఎన్నో అరుదైన న్యాయశాస్త్ర గ్రంథాలు నష్టమైనవి. కలపతో నిండిన పాత భవనంలో ఎక్కువమంది మనుషులు, ఎక్కువ కాగితం, ఎక్కువ విద్యుత్తు తీగలు ఉండడం ఎంత ప్రమాదమో ఇటువంటి సంఘటనలు తెలుపుతాయి. విస్తరణ అంటే జాగా పెంచడం మాత్రమే కాదు, పాత భవనం మీది బరువును దించడం కూడా. దస్త్రాలు, వంటగది, జనరేటర్లు, విద్యుత్తు బోర్డులు కొత్త భాగానికి పోతే పాతది ఊపిరి పీల్చుకుంటుంది.

2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతికి వెళ్ళినందువలన కొంత జాగా కలిసివచ్చింది గాని, అది చాలలేదు. రాజేంద్రనగర్ ప్రాంతంలో 100 ఎకరాలలో కొత్త హైకోర్టు సముదాయానికి 2024 మార్చి 27న అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్ శంకుస్థాపన చేసాడు.

ఉస్మానియా ఆసుపత్రి భవనం

1925లో పూర్తయిన ఉస్మానియా ఆసుపత్రి భవనాన్ని రూపొందించినవాడు కూడా విన్సెంట్ ఎష్. ఇక్కడ కూడా ఆవరణలో కొత్త బ్లాకులు కట్టారు. కాని పాత భవనం మీది భారం తగ్గలేదు, దాని మరమ్మత్తూ సరిగా సాగలేదు. పైకప్పు పెచ్చులూడి రోగుల మీద పడేవి. 2015లో ప్రభుత్వం పాత భవనాన్ని కూల్చి కొత్తది కడతామని ప్రకటించినపుడు వారసత్వ ప్రేమికులు వ్యతిరేకించారు. వైద్యులలో కొందరు మాత్రం రోగుల ప్రాణాలకంటె గుమ్మటాలు ఎక్కువా అని అడిగారు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయడం న్యాయం కాదు. వార్డులో పడుకున్న రోగి ఆ కప్పు క్రిందికి భవనపు అందం చూడటానికి రాలేదు.

2020 జూలైలో భారీ వర్షాలకు వార్డులలోకి నీరు చేరింది. ఆ తరువాత పాత భవనాన్ని ఖాళీ చేయించి మూసివేసారు. చివరకు గోషామహల్‌లో సుమారు 26 ఎకరాలలో కొత్త ఆసుపత్రి కట్టాలని నిర్ణయించి, 2025 జనవరి 31న శంకుస్థాపన చేసారు. పాత భవనాన్ని వారసత్వ కట్టడంగా కాపాడతామని ప్రభుత్వం ప్రకటించింది. రోగుల వార్డులు పోయిన తరువాత ఆ భవనానికి ఏ పని అప్పగిస్తారన్నదానిపై దాని భవిష్యత్తు ఆధారపడి ఉన్నది. రోజూ తలుపులు తెరిచే పని ఏదో ఒకటి దానిలో జరగనిదే వానాకాలం తరువాత కప్పు ఎక్కి చూసేవారు ఉండరు.

నిర్మాణంలో ఎదురయ్యే సమస్యలు

పాత గోడకు కొత్త గోడను అతికించడం చూడటానికి సులువు. అసలు చిక్కు పునాదిలో ఉన్నది. నూరేళ్ళుగా నిలిచిన భవనం తన బరువుకు తగినట్లు నేలలోకి దిగి స్థిరపడి ఉంటుంది. కొత్త కట్టడం మొదటి కొన్నేళ్ళలో దిగుతుంది. రెండింటినీ గట్టిగా కలిపి కడితే, దిగుతున్నది దిగనిదానిని లాగుతుంది. కలిసిన చోట ఏటవాలు పగుళ్ళు వస్తాయి. అందువలన రెండింటి మధ్య సన్నని సందు విడిచి, దానిని సాగే పదార్థంతో మూస్తారు. ఎండకు కాంక్రీటు వ్యాకోచించినా ఈ సందే కాపాడుతుంది. చాలాచోట్ల రెండు భవనాలను ఒక తేలికైన నడవాతో మాత్రమే కలపడానికి కారణం కూడా ఇదే. గాజు, ఉక్కుతో చేసిన అటువంటి నడవా పాతదెక్కడ ముగిసిందో, కొత్తదెక్కడ మొదలైందో కూడా చూపిస్తుంది.

హైదరాబాదు చాలావరకు గ్రానైటు శిల మీద ఉన్నది. కనుక నేల దిగే సమస్య తక్కువే గాని, వేరొక సమస్య ఉన్నది. పునాది తీయాలంటే బండను పగులగొట్టాలి. మందు పెట్టి పేల్చితే ఆ అదురు పాత గోడలకు, ముఖ్యంగా గచ్చు అలంకారాలకు ప్రమాదం. పాత భవనం దగ్గర బండకు వరుసగా రంధ్రాలు వేసి, ఉబ్బే రసాయన మిశ్రమం నింపి, మెల్లగా చీలేటట్లు చేయడం మేలు. ఖర్చు, సమయం ఎక్కువవుతాయి. మూసీ గట్టున మాత్రం ఒండ్రుమట్టి, పూడిక కూడా ఉన్నందున నేలను పరీక్షించకుండా ఏదీ చెప్పలేము.

సున్నానికి, సిమెంటుకు పొత్తు కుదరదు. పాత భవనాలను డంగు సున్నంతో కట్టారు. సున్నాన్ని, ఇసుకను గానుగలో రోజుల తరబడి నూరి, బెల్లం, కరక్కాయ నీరు వంటివి కలిపేవారు. సున్నపు గోడ తేమను పీల్చుకొని తిరిగి విడిచిపెడుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచిపోతుంది. లోపలి లవణాలు తెల్లగా పొంగి, కొద్ది ఏళ్ళలో పూత పెచ్చులుగా ఊడిపోతుంది, దానితోపాటు పాత ఇటుక ముఖం కూడా ఊడుతుంది. గట్టిదని నమ్మి పూసిన సిమెంటే గోడను తినివేస్తుంది. కొత్త భాగాన్ని కాంక్రీటుతో కట్టినా, పాత గోడను తాకే చోట సున్నమే వాడాలన్నది నియమం. గచ్చు పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్న రోజులలో ఈ నియమం చెప్పినంత సులువు కాదు.

వాననీరు మరొక శత్రువు. పాత భవనపు కప్పు నీరు ఏ వైపు పోయేదో ఆ వైపునే చాలాసార్లు కొత్త కట్టడం వస్తుంది. అప్పుడు నీటికి దారి మూసుకుపోతుంది. రెండు గోడల మధ్య సందులో చెత్త, ఆకులు చేరి, మొదట నాచు, పిదప రావి మొక్క మొలుస్తుంది. రావి వేరు పగులులో చొరబడిన తరువాత దానిని తీయడం ఎంత కష్టమో పాత ఇండ్లలో ఉన్నవారికి చెప్పనవసరం లేదు.

లిఫ్టులు, మరుగుదొడ్లు, ఎయిర్ కండిషనింగ్ యంత్రాలు, అగ్నిమాపక నీటి తొట్లు పాత గోడలలో అమర్చడానికి చోటు ఉండదు. వీటన్నిటినీ కొత్త భాగంలో పెట్టి, పాతదానికి నడవా ద్వారా అందించడం విస్తరణ వలన కలిగే పెద్ద లాభం. దివ్యాంగులకు ఏటవాలు దారిని చారిత్రక మెట్లను తొలచి కట్టవలసిన అవసరం కూడా అప్పుడు ఉండదు.

ఈ పనులన్నిటికీ ముందు జరగవలసినది కొలతలు తీయడం. ప్రతి గోడ మందం, ప్రతి కమాను వంపు, ఉన్న పగుళ్ళు నమోదు చేసి, పగుళ్ళపై గాజు పట్టీలు అతికిస్తారు. పని జరుగుతుండగా పట్టీ చిట్లితే గోడ కదిలినట్లు. ఇది చవకైన, పాత పద్ధతి. నేడు ఎలక్ట్రానిక్ పరికరాలు కూడా వాడుతున్నారు.

నియమాలు, చట్టాలు

1964లో వెనిస్ నగరంలో నిపుణులు ఆమోదించిన ప్రకటన ఈ రంగంలో నేటికీ ఆధారంగా ఉన్నది. భవనంలోని ఆసక్తికరమైన భాగాలకు, దాని సంప్రదాయ నేపథ్యానికి, కూర్పుకు, పరిసరాలతో దాని సంబంధానికి భంగం కలిగేటట్లయితే కొత్త చేర్పులు చేయరాదని దాని సారాంశం. పోయిన భాగాల స్థానంలో చేర్చినవి మొత్తంతో కలిసిపోవాలి, అయినా అసలుతో పోల్చి గుర్తుపట్టేటట్లు ఉండాలి అని కూడా ఆ ప్రకటన చెబుతుంది. కలిసిపోవాలి, వేరుగా తెలియాలి అనే ఈ రెండు షరతుల మధ్యనే వాస్తుశిల్పులు కుస్తీ పడుతుంటారు.

భారతదేశంలో జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలకు 1958 నాటి చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరొక 200 మీటర్ల వరకు అనుమతి అవసరం. అయితే వాడుకలో ఉన్న ప్రజాభవనాలలో అనేకం ఈ జాబితాలో లేవు. హైదరాబాదులో వాటికి రక్షణ కల్పించినది 1981లో వచ్చిన పట్టణాభివృద్ధి సంస్థ 13వ నిబంధన. దాని క్రింద 1995లో వారసత్వ భవనాల జాబితా వెలువడినది. జాబితాలోని భవనానికి మార్పులు, చేర్పులు చేయాలంటే వారసత్వ పరిరక్షణ కమిటీ అభిప్రాయం తీసుకోవలసి ఉండేది. 2015లో ఈ నిబంధనను రద్దు చేసారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఎర్రమంజిల్ వ్యాజ్యంలో వాదప్రతివాదాలు ప్రధానంగా ఈ అంశం చుట్టే తిరిగినవి: పాత నిబంధన రద్దయినంత మాత్రాన జాబితాలోని భవనానికి రక్షణ పోయినట్లేనా? పోలేదని, భవనాన్ని కూల్చే ముందు చట్టప్రకారం అనుసరించవలసిన పద్ధతిని ప్రభుత్వం అనుసరించలేదని న్యాయస్థానం అభిప్రాయపడినది. ఆ తీర్పు వెలువడినది, విస్తరణలతో నెట్టుకొస్తున్న మూసీ గట్టు మీది హైకోర్టు భవనం నుండే.